మా అత్త ఉప్పు వల

మా మేనత్త పోయిందన్న కబురు ఫీనిక్స్ బే జెట్టీలో, పడవ టికెట్ల వరుసలో పదకొండో మనిషిగా నిలబడి ఉండగా నాకు అందింది. ఒక చేతిలో ప్రొజెక్టర్ పెట్టె, రెండో చేతిలో ఫోను. నాలుగు రోజుల జ్వరం తరువాత, హోప్ టౌన్‌లో తన ఇంట్లోనే, ఉదయం టీ తాగి పడుకుని మళ్లీ లేవలేదని మా చెల్లెలు చెప్పింది. వెనకున్నాయన నా భుజం తట్టి "భయ్యా, ఆగే బఢో" అన్నాడు. నేను ముందుకు కాక పక్కకు జరిగాను. నా చోటు వెంటనే నిండిపోయింది.

మన ద్వీపాల తెలుగు సంచికకు ఆమె గురించి నాలుగు మాటలు రాయమని అడిగారు. ఇలాంటి చోట పోయినవారి మంచితనాన్ని తలుచుకుని, మిగిలినవాటిని వదిలేయడం మర్యాద. ఆమె మంచిదే. కాని ఆమెకు నా కళ్లముందు ఒక అవమానం జరిగింది. అది చేసిన మనిషి మీద నాకు పగ ఉంది. ఆ పగను పక్కనపెట్టి ఆమె గురించి రాయడానికి మూడుసార్లు ప్రయత్నించి, మూడుసార్లూ కాగితం చించేశాను. కృతజ్ఞతా, కోపమూ ఈ వ్యాసంలో కలిసే వస్తాయి. పాఠకులు మన్నించాలి.

ముందుగా నా పని గురించి చెప్పాలి. పగలు నేను పడవల్లో వైరింగ్ చేస్తాను. సాయంత్రాలు, రిసార్టుల్లో జరిగే మ్యూజిక్ పార్టీలకు విజువల్స్ వేస్తాను. అంటే సంగీతం నడుస్తుండగా, దాని తాళానికి తగ్గట్టు, తెర మీద బొమ్మల్ని అప్పటికప్పుడు కదిలించడం. ఈ పని నాకెవరూ నేర్పలేదు. పదో తరగతితో చదువు ఆగింది. మన ద్వీపాల ఇంటర్నెట్‌లో ఒక్కొక్క పాఠం దిగడానికి పూటంతా పట్టే రోజుల్లో, దిగినంత మేరకు చూసి, చూసింది నోటుబుక్కులో అంకెలు వేసి రాసుకుని నేర్చుకున్నాను. ఏ బొమ్మ తరువాత ఏ బొమ్మ, ఎన్ని సెకన్లు, ఏ రంగు, అన్నీ ముందే జాబితాగా రాసుకోనిదే నేను మీట ముట్టుకోను.

తొలినాళ్లలో నన్ను ఓడించింది గాలి. సముద్రం ఒడ్డున తెర కడితే అది తెరచాప అయ్యేది. ఒకసారి అత్త ఇంటి ముందు రెండు సర్వి గుంజల మధ్య దుప్పటి కట్టి ప్రయత్నిస్తున్నాను. దుప్పటి ఉబ్బి, ఒక గుంజను పెకలించుకుని అత్త మీదికే పోయింది. ఆమె గడప దగ్గర కూర్చుని ఎవరిదో వల బాగుచేస్తోంది. దుప్పటి తల మీంచి తీసి పక్కన పడేసింది.

"ఏట్రా అల్లుడా, గాలితోటి కుస్తీ పడతన్నావు? గుడ్డెందుకు కట్టినావు? గాలి పోయేదేదో కట్టు."

"గాలి పోయేదాంట్లోంచి వెలుగు కూడా పోతుందత్తా."

"అది సూసినాక సెప్పు."

ఆమె ఇచ్చిన కొత్త వల కట్టాను. నేను చెప్పినట్టే బొమ్మ వలలోంచి దూరిపోయి, వెనకున్న కొబ్బరిచెట్టు మీద పడింది. నేను ఆమె వైపు చూశాను, గెలిచినట్టుగా. ఆమె లేచి, సముద్రంలోంచి తెచ్చి ఎండేసి, ఇంకా కడగని ఒక పాత వలను భుజాన వేసుకొచ్చింది. దారం పొడవునా ఉప్పు తెల్లగా పేరుకుని ఉంది. దాన్ని మూడు మడతలు వేసి, ఒక మడతలోని కన్ను, అంటే దారాల మధ్య ఖాళీ మీద, మరో మడత ముడి వచ్చేలా సర్ది కట్టించింది. ఈసారి బొమ్మ నిలబడింది. ఉప్పు పొర వెలుగును పట్టుకుంది. గాలి మాత్రం తన దారిన తాను పోయింది. దూరం నుంచి చూస్తే వల కనిపించలేదు. నీలిరంగు చేపలు గాలిలో ఈదుతున్నట్టు కనిపించాయి.

"మనం రోజూ సూత్తన్నదే కదరా. పొద్దున్న ఎండకి ఎండిన వల మెరుత్తాది, తడి వల మెరవదు" అంది, అందులో పెద్ద విశేషమేమీ లేదన్నట్టు.

ఇవాళ ఈ ద్వీపాల్లో నాకంటూ ఒక చిన్న పేరుంటే అది ఆ వల వల్ల. వారాంతాల్లో ఆమె దాన్ని స్వయంగా సముద్రంలో ముంచేది, ఎండబెట్టేది, మళ్లీ ముంచేది. మూడుసార్లు. తడిసిన వల బరువు ఆమె బరువుతో సమానం. సాయం చేస్తానంటే "నీ సేతులు వైర్లు ముట్టుకునేవి, ఉప్పంటితే షాక్ కొట్టుద్ది, జా" అని పంపేసేది.

వల బాగుచేస్తున్నప్పుడు ఆమె ఎప్పుడూ చిరుగు దగ్గర మొదలుపెట్టేది కాదు. "సిరిగిన కాడ కూసుంటే అల్లడానికేటీ దొరకదు. బాగున్న కన్ను కాడ మొదలెట్టి ఇటు రా" అనేది. నా బొమ్మలన్నీ అలాగే కట్టాను. మొదట ఒక్క నీటిబొట్టు, దాని చుట్టూ ఒక వలయం, దాన్ని పట్టుకుని మరొకటి. కొత్తవాళ్లు నా దగ్గరికి వచ్చి సలహా అడిగితే నేను చెప్పే ఒకే ఒక్క మాట ఆమెది.

ఆమె ఎవరినీ తిట్టగా నేను వినలేదు. అయితే ఎవరినీ క్షమించగా కూడా చూడలేదు. ఒకసారి ఒక పడవ యజమాని వచ్చి, "ముడులు లెక్కెట్టుకుంటా కూకోకు, గబగబా కుట్టీ" అని గద్దించాడు. ఆమె అలాగే, గబగబా కుట్టి ఇచ్చింది. మొదటి వేటలోనే వల విచ్చుకుంది. అతను ఊగిపోతూ వస్తే, "నువ్వడిగిందే ఇచ్చినాను బాబూ. ఇప్పుడేటి కావాలో సెప్పు" అని పీట వేసింది. అతను ఆ పీట మీద కూర్చుని, ఆమె ముడులు లెక్కపెట్టినంతసేపూ తానూ లెక్కపెట్టాల్సి వచ్చింది. అడిగినదాన్ని అక్షరాలా ఇవ్వడమే ఆమె పగ తీర్చుకునే పద్ధతి.

ఇక ఆ రోజు సంగతి. పోయిన సీజన్లో, ఇక్కడినుంచి రెండు గంటల పడవ ప్రయాణంలో ఉన్న ఒక ద్వీపంలో, ఒక రిసార్ట్ వారి పార్టీ. అత్త ఆ వల మీద బొమ్మ పడటం ఇంటి ముందు చూసిందే తప్ప, సంగీతంతో, జనం మధ్య ఎప్పుడూ చూడలేదు. "ఒక్కపాలి ముందు కూకుని సూత్తాను" అంది. ఇన్నేళ్లలో ఆమె నన్ను అడిగింది అదొక్కటే. రెండుసార్లు స్నానం చేసి, పౌడరు రాసుకుని, ముదురు ఆకుపచ్చ చీర కట్టుకుని వచ్చింది. మొదటి వరుసలో చివరి కుర్చీలో, కాళ్లు దగ్గరగా పెట్టుకుని కూర్చుంది.

ఆ రిసార్ట్ మేనేజరు మెయిన్‌లాండ్ నుంచి వచ్చిన తెలుగువాడే. ఆమె దగ్గరికి వచ్చి వంగి, నవ్వుతూనే మాట్లాడాడు.

"అమ్మా, ఇవి గెస్టుల సీట్లు. చేపల వాసన వస్తోందని కంప్లైంట్ వచ్చింది. మీరలా స్టేజీ వెనక, జనరేటర్ పక్కన కూర్చోండి. అక్కడ గాలి బాగుంటుంది."

"వాసన నాది కాదు బాబూ, వలది" అంది అత్త.

"రెండూ ఒకటే కదమ్మా" అన్నాడతను.

నేను పది అడుగుల దూరంలో, కన్సోల్ ముందు ఉన్నాను. విన్నాను. ఆమె లేచి, చీర కుచ్చిళ్లు పట్టుకుని, ఇసుకలో వెనక్కి నడిచి వెళ్లడం చూశాను. గిటారు మొదలైంది. నేను జాబితా చూసుకుని మొదటి బొమ్మ వేశాను. విని కూడా ఊరుకున్నానని నేను ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను. పగ ఒక్క మనిషి మీదే కాదని పాఠకులు గ్రహించాలి.

వల వెనక కూర్చున్నవారికి కంట్లో పొడిచే ప్రొజెక్టర్ దీపం తప్ప మరేమీ కనిపించదు. ఆమె గంటన్నరసేపు ఆ దీపాన్ని చూసింది. పార్టీ అయ్యాక, ఈ వల తెర తన ఆలోచనేనని మేనేజరు అతిథులకు చెప్పుకుంటుంటే అదీ విన్నది. మర్నాడు ఉదయం తిరుగు పడవలో నన్ను అడిగింది:

"నిన్న ఏటేటేసినావురా? సెప్పు, ఇంటాను."

నోటుబుక్కు తీసి, ముప్పై ఒక్క బొమ్మలూ వరుసగా చదివి వినిపించాను. ప్రతిదానికీ "ఊఁ" కొట్టింది. పందొమ్మిదోది, నీళ్లు పైనుంచి కిందికి జారే బొమ్మ, "అది మళ్లా సెప్పు" అంది. మళ్లీ చెప్పాను.

ఆ తరువాత ఆమె ఆ సంగతి ఎత్తలేదు, జ్వరం వచ్చేదాకా. మూడో రోజున, నుదుటి మీద తడిగుడ్డతో, కళ్లు తెరవకుండానే అడిగింది.

"ఆ మేనేజరు ఇంకా ఉజ్జోగంలోనే ఉన్నాడేట్రా?"

"ఉన్నాడత్తా."

"మంచిది. ఎక్కడికీ పోనీకు."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

పెద్దకార్యం అయిన మూడు వారాలకు ఆ మేనేజరు నుంచి మెసేజ్ వచ్చింది. అత్త పోయిన సంగతి అతనికి తెలుసు. రిసార్ట్ వెబ్‌సైటు చూసే అమ్మాయి, తానే అతనికి చెప్పానని నాతో అన్నది. అయినా అందులో ఆ ముక్క లేదు. సీజన్ మొదటి పార్టీకి ఓనరుగారు స్వయంగా వస్తున్నారు, వల తెర కావాలి, "ఈసారి వాసన అనేదే లేకుండా మంచినీళ్లలో బాగా ఉతికి తీసుకురావాలి" అని ఉంది. మెసేజ్‌ని నాలుగుసార్లు చదివాను. ఉప్పు పోతే బొమ్మ నిలవదని ఒక్క ముక్క రాస్తే సరిపోయేది. నేను "అలాగే సార్" అని రాశాను.

మాకు కుళాయి మూడు రోజులకోసారి వస్తుంది. డ్రమ్ముల్లో పట్టుకున్న నీళ్లన్నీ ఆ వల మీద పోశాను. మూడుసార్లు ఉతికాను, ఆమె మూడుసార్లు ముంచినట్టే. మా ఆవిడ గుమ్మంలో నిలబడి, "వంటకి నీళ్లుంచుతారా, ఆ మేనేజరు మీదే పోస్తారా?" అంది. నోటుబుక్కులో నాలుగు పనులు రాసుకున్నాను. ఉతకడం. మెసేజ్‌ని ఫోటో తీసి ఉంచడం. ఓనరు ముందు, అతిథుల ముందు, ఉప్పు లేని ఖాళీ వల మీద ప్రొజెక్టర్ వేయడం. నాలుగోది సాక్షులు. హోప్ టౌన్‌లో అత్తతో కలిసి వలలు బాగుచేసిన ఆడవాళ్లు ఆరుగురున్నారు. వాళ్లను పిలిచాను. అతను కుప్పకూలడం వాళ్లు చూడాలి. నా కోరిక అంతే.

పడవ డెక్కు మీద ఆ ఆరుగురూ వల మూట చుట్టూ కూర్చున్నారు. వాళ్లలో పెద్దావిడ, నేను పిన్ని అని పిలిచే మనిషి, అలవాటు కొద్దీ ఒక కొస లాగి వేళ్లతో తడిమింది. తరువాత నాలుకకు తాకించుకుంది.

"ఇదేట్రా, సప్పగా ఉంది? దీని ఉప్పేదీ?"

అత్తకు జరిగిన అవమానమూ, నా పథకమూ చెప్పాను. చెప్తున్నంతసేపూ, ఆమె మెచ్చుకుంటుందనే అనుకున్నాను. పిన్ని వల కొసను ఒళ్లోకి లాక్కుంది.

"మరి బొమ్మ నిలబడకపోతే ఆల్లంతా ఏటంటారు?"

"మేనేజరుని తిడతారు."

"పాగల్‌వేట్రా? మేనేజర్ని ఒక రోజు తిడతారు. ఈ వల దేనికీ పనికిరాదని రోజూ అంటారు. ఈ వలెవరిది? ఆడిదా, దానిదా? దాని పేరు ముంచి నువ్వు పగ తీర్సుకుంటావా?"

నా జాబితాలో ఆ ప్రశ్న లేదు. అన్నీ ముందే రాసుకునేవాణ్నని గర్వపడే మనిషిని. మిగతా ప్రయాణమంతా రెయిలింగు పట్టుకుని నీళ్లను చూస్తూ నిలబడ్డాను. పగ మాత్రం తగ్గలేదు. దాని దారి మార్చుకోవాల్సి వచ్చింది, అంతే.

పదకొండున్నరకు రిసార్ట్ చేరాం. భోజనాల హాల్లో కర్టెన్లు మూయించి, వల కట్టి, మేనేజరును పిలిచి ప్రొజెక్టర్ వేశాను. బొమ్మ వలలోంచి దూరిపోయి, అవతల గోడ పక్కనున్న ఫ్రిజ్ మీద పడింది.

"ఇదేంటి? పోయినసారి నిలబడింది కదా?"

"పోయినసారి వాసన ఉంది సార్."

అతను మెసేజ్ గుర్తు చేసుకున్నాడని ముఖం చూస్తే తెలిసింది. ఉప్పు సంగతి చెప్పాను. సముద్రంలో ముంచి, ఎండబెట్టి, మళ్లీ ముంచి, మళ్లీ ఎండబెట్టాలి. నవంబరులో మనకు ఐదు దాటగానే చీకటి. వ్యవధి ఐదు గంటలు.

"సరే, మీవాళ్లతో చేయించండి."

"వాళ్లు అరవై దాటినవాళ్లు. పైగా ఇవాళ అతిథులు. మొదటి వరుసలో ఆరు కుర్చీలు వాళ్లవి."

"మా స్టాఫ్ అంతా జెట్టీ అలంకరించడానికి వెళ్లారు, సాయంత్రం వచ్చే ఓనరుగారి కోసం..."

"అయితే మీరున్నారు. ఈ తెర మీ ఆలోచనే అని చెప్పారు కదా. ఎలా తయారవుతుందో ఒకసారి చూసినట్టు ఉంటుంది. వద్దంటే చెప్పండి, మీ మెసేజ్ నా దగ్గర భద్రంగా ఉంది. ఓనరుగారికి పంపించి, ఈ పడవకే తిరిగి వెళ్లిపోతాం."

అతను గడియారం చూసుకున్నాడు. తరువాత బూట్లు విప్పాడు.

ఆ మధ్యాహ్నం గురించి ఎంత రాసినా నాకు తనివి తీరదు. నడుం లోతు నీళ్లలో, మడత నలగని తెల్లచొక్కాతో, మా అత్త ప్రతి వారం మోసిన బరువును అతను మోశాడు. అల వచ్చి కూలదోసింది. లేచాడు. వల కాళ్లకు చుట్టుకుంది. ఒడ్డున ఆరుగురు ఆడవాళ్లు వరుసగా కూర్చుని సలహాలిచ్చారు.

"బాబూ, అల్లేపు కాదు, ఇల్లేపు తిప్పు!"

"అరే, పెళ్లికూతురి కొంగు పట్టుకున్నట్టు పట్టుకున్నావేటి? గట్టిగా పట్టు!"

"కింద పెట్టీకు, ఇసకట్టేత్తాది!"

"పాపం, పొట్టలో ఏటీ లేనట్టుంది. ఒక ఇడ్డెనెట్టండే."

మూడుసార్లు ఉతికినా వల లోపల దాగిన ఏదో, ఉప్పునీరు తగలగానే లేచింది. ఎన్నో ఏళ్ల చేపల వాసన. అది అతని చొక్కాకి, జుట్టుకి, చేతులకి పట్టింది. మూడోసారి ముంచి తెచ్చి గుంజలకు ఎత్తి కట్టేసరికి అతని అరచేతులు ఎర్రగా కోసుకుపోయి ఉన్నాయి. పిన్ని చూసి, "దానికీ అలాగే కోసుకునేవి" అని మాత్రం అంది.

నాలుగున్నరకు దారం తెల్లబడింది. ఐదు గంటల పడవలో ఓనరు వచ్చాడు. ఇసుకలో కుర్చీలు నిండాయి. మేనేజరు స్నానం చేసి, చొక్కా మార్చుకుని, సెంటు పూసుకుని వచ్చాడు. కాని వాసన అంత త్వరగా పోయేది కాదు. ఓనరు దగ్గరికి నాలుగడుగులు వేసి, తన చేతులను తానే వాసన చూసుకుని ఆగిపోయాడు. ఎవరూ పొమ్మనలేదు. తనంతట తానే తిరిగి, స్టేజీ వెనక్కి నడిచాడు. అత్తను పొమ్మన్నారు, ఇతను తానుగా వెళ్లాడు. ఈ తేడా నాకు చాలలేదు. ఇప్పటికీ చాలదు. క్షమించారా అని అడిగేవారికి ముందే చెబుతున్నాను: లేదు.

ఆరుగురూ మొదటి వరుసలో, కాళ్లు కుర్చీల మీదికి మడుచుకుని కూర్చున్నారు. గిటారు మొదలైంది. మొదటి నీటిబొట్టు వల మీద పడి, నిలబడింది. అతిథులు "ఓహ్" అన్నారు. మా ఆరుగురూ బొమ్మ చూడలేదు. వల చూశారు. ఒకరి చెవిలో ఒకరు గుసగుసలాడుకుంటూ, వేలు చాపి ఏదో చూపించుకున్నారు. అత్త మళ్లీ చెప్పమన్న పందొమ్మిదో బొమ్మ వేసేసరికి పిన్ని లేచింది. సరాసరి నడిచి వల దగ్గరికి వెళ్లింది. మేనేజరు లాగినప్పుడు ఎక్కడో తెగినట్టుంది, మనిషి ఎత్తులో అరచేయంత చిరుగు. బొడ్లోంచి వల అల్లే సూది తీసింది. చిరుగుకు కాస్త పక్కన, బాగున్న కన్ను దగ్గర మొదలుపెట్టింది.

అతిథులు చప్పట్లు కొట్టారు, ఇదీ ప్రదర్శనలో భాగమేననుకుని. ఓనరు ఫోను తీసి వీడియో పట్టాడు. పిన్ని ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. వల అవతల, జనరేటర్ దగ్గర నిలబడిన మనిషికి దీపపు వెలుగులో ఆమె నీడ మాత్రమే కనిపించి ఉంటుంది.

పందొమ్మిదో బొమ్మ నలభై సెకన్లది. నేను ఇరవయ్యోదానికి పోలేదు. నీళ్లు ఆమె నెరిసిన జుట్టు మీంచి, వీపు మీంచి, మోచేతుల మీంచి నీలంగా జారుతూనే ఉన్నాయి. ఆమె ముడి వేసి, బిగించి, ఇంకో ముడి వేసి, తల వంచి దారాన్ని పంటితో తెంపింది.